పాలుకిచ్చిన బాతులు

శుక్రవారం మధ్యాహ్నం కువైట్ యజమానురాలు మామా వాళ్లు తిని పడుకున్నాక సుబ్బాయమ్మకు రెండు గంటలు దొరికేవి. వారానికంతా ఆ రెండే. అర్దియాలో పనిచేసే ఆ ఇంటి నుంచి ఖైతాన్ పేటకు పోను రాను ఒక గంట బస్సుకే సరి. మిగిలిన గంట పార్కులో బాతులకు. "ఇంక నీకేం మిగిలిందే?" అని తోటివాళ్లు నవ్వితే, "నాకూ ఒక బాతుండాది గదా" అనేది.

ఆ పార్కు పెద్దదేం కాదు. నడుమ సిమెంటు గట్ల నీటిగుంట, చుట్టూ గన్నేరు చెట్లు. ఏదో ఒక చలికాలం దిగిన అడవి బాతులు ఎండలొచ్చినా లేచిపోకుండా అక్కడే గూళ్లు పెట్టుకున్నాయి. కువైట్‌కొచ్చిన వాళ్ల తీరే అంత. రెండేళ్లని వస్తారు, పదేళ్లుంటారు.

తోటమాలి చిన్నపుల్లయ్యది రాయచోటి పక్క పల్లె. బాతులు మునిసిపాలిటీవే అయినా, ఆయన వాటిని మనవాళ్లకు పాలుకిచ్చేశాడు. మన పక్క కోడినో మేకనో పాలుకిస్తారు చూడండి, అట్లా. సొంతదారొకరు, మేపేవాళ్లొకరు, మంచైనా చెడ్డైనా చెరి సగం. కాగితముండదు, నోటిమాటే.

"సర్కారు సొత్తు పాలుకిచ్చిన మొనగాడివి నువ్వొక్కడివే పుల్లయ్యన్నా" అనేవాడు డ్రైవర్ సుధాకర్.

"మేపేది మీరు. సర్కారేమన్నా ఒక్క గింజ యేసిందా?" అనేవాడు పుల్లయ్య, పైపు వదలకుండానే.

పదకొండు బాతులు, పదకొండు మంది. సుబ్బాయమ్మ పాలుకొచ్చింది పెంకి పెట్ట. రొట్టె పెట్టిన చేతినే పొడిచేది. జూలైలో కొత్తగా వచ్చిన జమీలా బీకి మాత్రం పక్షి మిగల్లేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, మూతి ముడుచుకుంది. "ఈసారి పొదిగితే నీకొక పిల్లనిస్తాలే మ్మే" అని పుల్లయ్య ఊరడించాడు.

ఆగస్టు రెండో తేదీ తెల్లారేసరికి వీధుల్లో ఇరాక్ ట్యాంకులున్నాయి. నాలుగోనాడు మామా, ఆమె మొగుడు బాబా, పిల్లలు రెండు కార్లెక్కి సౌదీ దోవ పట్టారు. "ఇల్లు చూసుకో సుబ్బాయమ్మా" అని మామా తాళాలగుత్తి ఆమె చేతిలో పెట్టింది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. సుబ్బాయమ్మ పాస్‌పోర్టు మాత్రం బాబా ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది, ఆ పెట్టె తాళం బాబా జేబులో వెళ్లిపోయింది. ఇంత ఇంటిని నమ్మి అప్పజెప్పినవాళ్లు, ఆమెను మాత్రం ఆమెకు అప్పజెప్పలేదు.

ఇంటికి పోవాలంటే బస్సులున్నాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా, అక్కణ్ణుంచి విమానం. కానీ దోవ పొడుగునా సైనికుల కాపలాలు. కాగితం లేనివాళ్లను దించేస్తున్నారు. పార్కులో మనవాళ్లెవరి చేతిలోనూ కాగితం లేదు. దిగినవాళ్ల కబురు మళ్లీ రావడంలేదు.

అప్పుడే బాతులు పోవడం మొదలైంది.

మొదట పోయింది సుధాకర్ బాతు. రాలిన ఈక లేదు, నెత్తుటి చుక్క లేదు. గూడు గూడులానే ఉంది. సైనికులు వండుకున్నారేమో అనుకుని పుల్లయ్య వాళ్ల పొయ్యిల బూడిదంతా గెలికి చూశాడు, ఎముక కనబడలేదు. ఆ సాయంత్రమే సుధాకర్ చేతిలో కాగితం ముక్క లేకుండా బస్సెక్కాడు. కాపలా సైనికుడు బస్సులో అందరి మొగాలూ చూసి, సుధాకర్ సీటు దగ్గరికొచ్చేసరికి ఖాళీ సీటును చూసినట్టు చూసి దాటిపోయాడట. రెండోది సంజీవమ్మ బాతు. ఆమే అట్లానే దాటింది. మూడోది, నాలుగోది. ఎట్లా అని ఎవరూ అడగలేదు. పాలుకిచ్చినదాని మంచిచెడ్డల్లో మేపినవాళ్లకు సగముంటుంది, అందులో వింతేముంది? "తిన్నారా" అని పలకరించినట్టు, "మీది పోయిందా" అని పలకరించుకునేవాళ్లు. అయితే ఒకటే నియమం. బాతు పోయిన రోజే మనిషీ పోవాలి. పొద్దుగూకితే ఆ పాలు చెల్లదు.

సెప్టెంబరు నడిమికి పుల్లయ్యదీ పోయింది. నీళ్ల పైపు చుట్టచుట్టి గన్నేరు కొమ్మకు తగిలించి, "వస్తా సుబ్బాయమ్మా. నీదీ రేపో మాపో పోతాదిలే" అన్నాడు.

పోలేదు. సుబ్బాయమ్మ పెట్ట గన్నేరు కింద ఐదు గుడ్లు పెట్టి వాటి మీద కూచుంది.

రోజూ తెల్లారగానే ఆమె నడిచొచ్చేది. రోజూ అది అక్కడే ఉండేది, మెడ చాపి బుసకొడుతూ. పార్కంతా ఖాళీ అయిపోయి, చివరికి ఒక బాతు, ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు.

"గుడ్లు తీసేయక్కా" అంది జమీలా బీ. "గుడ్లు లేకుంటే అదేల కూచుంటాది? లేచిపోతాది. మనకు రెండుపూట్ల కూరైనా అయితాది. రెండు దినాలాయ ఖర్జూరం దప్ప నేనేం తినక."

సుబ్బాయమ్మ కొంగు దోపుకుని వంగింది. పెట్ట పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చింది. అది పొడిచింది. తియ్యలేదు చెయ్యి. లోపల వెచ్చగా ఉంది, అమ్మ చంకలోలాగా. ఐదు నెలల బిడ్డను అత్త ఒళ్లో పడేసి విమానమెక్కిన నాటి వెచ్చదనం. ఈ దేశంలో దిగిన మొదటి వారమంతా మామా బిడ్డకు సీసా పాలు పట్టి, తన పాలు స్నానాలగది తూములోకి పిండుకుంది. తన బిడ్డ చిట్టికిప్పుడు ఐదేళ్లు దాటాయి. వీసా ఇచ్చిన కఫీల్, అంటే బాబా, ఒక్కసారి కూడా ఊరికి పంపలేదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మణికట్టు మీద నెత్తురు తుడుచుకుని, "లెయ్యి" అంది బాతుతో. "నువ్వు పో. నేను కూచుంటా."

బాతు ఆమెను ఎగాదిగా చూసింది. పనిమనిషిని పెట్టుకునేముందు మామా చూసిన చూపే అది. తర్వాత లేచి, రెక్కలు దులుపుకుంది. రోడ్డు మీద లారీ హారన్ మోగితే ఆడవాళ్లిద్దరూ అటు తిరిగారు. ఇటు తిరిగేసరికి అది లేదు.

సుబ్బాయమ్మ ఒంటి మీది నల్ల ముసుగు అబాయా పరిచి గుడ్ల మీద మెల్లగా కుదురుకుంది.

"పోయిందక్కా!" జమీలా చెయ్యి పట్టి లాగింది. "లెయ్. నాలుగింటికి బస్సు. గుడ్ల మీద నేను కూచుంటాలే, యల్లా, నువ్వు బయల్దేరు."

"మాటిచ్చినా గదా దానికి."

"బాతుకా? ఆడ బిడ్డ ఎదురుజూస్తాంటే ఈడ బాతుగుడ్లకు కాపలానా నువ్వు?"

"ఎదురుజూసేదానికి ఆ పిల్లకు నా మొగం తెలిస్తే గదే." సుబ్బాయమ్మ అబాయా అంచు గుడ్ల చుట్టూ దోపింది. "ఒగసారి లేచొచ్చేసినా జమీలా. ఇంగ లెయ్యలేను. నా పాలు నీకిస్తాండా. నువ్వు పో."

"అట్ల ఇచ్చుకోవచ్చా?"

"నోటిమాట చాలు."

జమీలా ఏడ్చింది, తిట్టింది, తన దగ్గరున్న ఖర్జూరాల డబ్బా ఆమె పక్కన పెట్టింది. "ఇంట్లో ఏం చెప్పమంటావు?"

"అమ్మ పొదుగుతాందని చెప్పు చిట్టికి."

ఆ రోజు కాపలా సైనికుడు జమీలా బీని దాటి వెనక సీటును చూశాడు. ఖలాస్, బస్సు కదిలింది.

ఇరవై రెండు రోజులు కూచుంది సుబ్బాయమ్మ. నీళ్లకూ అవసరాలకూ లేచేది, ఒక్క పరుగున తిరిగొచ్చేది. ఖర్జూరాలు రోజుకు మూడు. బాతు ఎట్లా దొర్లించేదో గుర్తుచేసుకుని గుడ్లను అట్లానే దొర్లించేది. చిట్టికి పాడకుండా మిగిలిపోయిన లాలిపాటలన్నీ, సగం సగం గుర్తున్నవి, గుడ్లకు పాడింది. ఒకరోజు సైనికులు నలుగురు చెట్టు దగ్గరికే వచ్చారు. వాళ్లకు కనబడింది బాతే కాబోలు, ఒకడు రొట్టె తుంచి ఆమె ముందు విసిరి పోయాడు.

అక్టోబరులో ఐదు పిల్లలు తోసుకుని బయటికొచ్చాయి. తడిసిన ముద్దల్లాంటివి, కళ్లు తెరిచి మొదట చూసింది ఆమె మొగమే. ఇంకేం, ఆమె లేస్తే లేచాయి, నడిస్తే నడిచాయి.

కువైట్ నుంచి అవే ఆఖరి బస్సులు, పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరింది. వీధి చివర కాపలా దగ్గర సైనికుడు తుపాకీ అడ్డంపెట్టి, వరస చూసి, లారీలనాపి వాటిని రోడ్డు దాటించాడు. దాటాక లెక్కపెట్టుకుంటే నాలుగున్నాయి. ఐదోది ఈక కూడా మిగల్చలేదు. బస్సెక్కి జహ్రా కాపలా దాటేసరికి మూడయ్యాయి. బస్రాలో రెండు. బాగ్దాద్ దాటాక ఒకటి. ఎవరూ ఆమెను కాగితమడగలేదు.

జోర్డాన్ సరిహద్దులో ఆ ఒక్కదాన్ని రవికలో దాచుకుంది. "నువ్వన్నా ఉండు" అని గుండెకదుముకుంది. అధికారి ఆమె వైపు చూశాడు, చూడనట్టు తలాడించి పొమ్మన్నాడు. అవతలికి పోయి చెయ్యి పెట్టి చూసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. పిల్ల లేదు.

ఊళ్లో ఇంటి ముందర ఆటో దిగేసరికి అత్త, పక్కిళ్లవాళ్లు చుట్టూ మూగారు. చిట్టి గుంజ చాటునే నిలబడింది. అమ్మ అని ఎంత చెప్పినా రాలేదు. అందరూ సద్దుమణిగాక, సుబ్బాయమ్మ అరుగు మీద ఒక్కతే కూచున్నప్పుడు, పక్కపక్కగా జరిగొచ్చి నిలబడింది.

"జమీలా చిన్నమ్మ చెప్పింది. గుడ్ల మింద కూచున్నావంట."

"ఊఁ."

"ఎన్ని దినాలు?"

"ఇరవై రెండు."

"కదలకుండానా?"

"నీళ్లకు లేచినా."

పిల్ల ఆలోచించింది. ఇరవై రెండు తక్కువేమీ కాదనిపించినట్టుంది. వచ్చి ఒళ్లోకెక్కి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది.

మరుసటి యేడు యుద్ధం ముగిసింది. జమీలా, సంజీవమ్మ, సుధాకర్, ఒక్కొక్కరూ తిరిగి విమానమెక్కారు. మామా మరిచిపోలేదు, కొత్త వీసా పంపింది. ఒక మధ్యాహ్నం ఏజెంటు దాన్ని పట్టుకుని వాకిట్లోకొచ్చి పిలిచాడు. చిట్టి అమ్మ ఒళ్లో నిద్రపోతోంది.

ఏజెంటు మూడుసార్లు పిలిచాడు. సుబ్బాయమ్మ లేవలేదు.