హనుమంతు మూరతో కొలిచిన ఇల్లు

చెన్నకేశవులు కొత్తిల్లు తలపెట్టింది ఇల్లు లేక కాదు. బామ్మర్ది గోవిందప్ప చెన్నేకొత్తపల్లి రోడ్డు పక్కన సిమెంటు స్తంభాలతో మిద్దె కట్టుకున్నాడు. అది చూసి వచ్చినప్పటినుంచి ఈయనకు ముద్ద దిగలేదు. రొద్దానికి ఇవతల, పెన్న ఒడ్డున ఉన్న ఉమ్మడి చేనులో దానికంటే పొడుగైన ఇల్లు లేపుతానని నలుగురి ముందు మీసం తిప్పాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. "కర్నూల్లో మంత్రులుండే ఇండ్లు కూడా దీని ముందర కోళ్లగూళ్లే" అన్నాడు. కర్నూలు ఆయన ఎన్నడూ చూసింది లేదు.

మూడు ఊళ్ల నుంచి పనివాళ్లను పిలిపించాడు. బండపనికి పెనుకొండ వాళ్లు, వడ్రంగానికి ధర్మవరం వాళ్లు, గోడలకు హిందూపురం బేల్దార్లు. ఒకే ఊరివాళ్లయితే ఏకమై దోచేస్తారట. ముఖపరిచయం లేనివాళ్లయితే ఒకరి దొంగతనం ఇంకొకరు చెప్తారట. తన తెలివికి తానే మురిసి, ఆ ముక్క కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు.

ఆ తెలివిని తూకం వేసిన మనిషి ఇంట్లోనే ఉంది. తమ్ముడు హనుమంతు పెళ్లాం అలివేలమ్మ.

పునాది తవ్వకముందే బావ ఆమెకు ఉండే చోటు తేల్చేశాడు. "కొత్తిల్లు నాది. పాతిల్లు శెనక్కాయ మూటలకు కావల్ల. మీ ఇద్దరికీ పశువుల కొట్టం ఉండనే ఉండాది. తడికలు కట్టుకుంటే రాజాలాగా ఉంటాది."

చేను ఇద్దరిది. రాళ్లు లాగే ఎద్దులు ఇద్దరివి. రాళ్లు మోసే వీపు ఒక్క హనుమంతుది. అయినా హనుమంతు తలూపాడు. తలూపడం తప్ప ఆ తలతో ఇంకో పని ఉంటుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏమప్పా, కొట్టంలో పండుకునేదానికి నువ్వు ఎద్దువా?" అంది అలివేలమ్మ ఇంటికి పోతూ.

"అన్న ఊరికే చెప్పడు కదా అలివేలూ."

అలివేలమ్మ నడక ఆపి మొగుణ్ణి కిందినుంచి పైకి చూసింది. పైన కూడా చూడదగ్గది ఏమీ కనపడలేదు. ఆ రోజే అనుకుంది, ఆ ఇంట్లోకి తాను పోవాల్సిందే, పోతే పొయ్యి వెలిగించే మనిషిగానే పోవాల. కొట్టంలోకి మాత్రం చచ్చినా పోకూడదు.

దారి చూపించింది చెన్నకేశవులే. ముహూర్తం రేపనగా ఆయన పెళ్లాం బుజ్జమ్మ పొయ్యి దగ్గర భళ్లున వాంతి చేసుకుంది. ముగ్గురు ఆడపిల్లల తర్వాత, ఎవరూ ఊహించని వయసులో మళ్లీ నెల తప్పింది. పెనుకొండ నుంచి వచ్చిన పురోహితుడు రామజోయిసులు పంచాంగం మూసేశాడు.

"పెళ్లాం కడుపుతో ఉన్నవాడు పునాదికి గుద్దలి పట్టకూడదు. కాన్పయ్యేదాకా ఆగాల."

పిల్లి ఎదురొస్తే బండి వెనక్కి తిప్పే మనిషి చెన్నకేశవులు. బల్లి పలికితే గొంతులో నీళ్లు కూడా మింగడు. ఆ మాటకు ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. కానీ ఆగితే గోవిందప్ప నవ్వుతాడు. శకునం ఒక పక్క, బామ్మర్ది ఒక పక్క. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి మహా ఉపాయం కనిపెట్టినట్టు తొడ చరిచాడు.

"రేయ్ హనుమంతూ! నువ్వు గుద్దలి వెయ్యి."

"మరి కొలత కూడా అతనిదే పెట్టాలప్పా" అన్నాడు జోయిసులు. "ఇంటి యజమాని మూరతోనే ఇల్లు కొలవాల. ఆ మూరలను లెక్కగడితే ఇంటికి ఒక నక్షత్రం వస్తాది. ఆ నక్షత్రం యజమాని నక్షత్రానికి పొసగాల."

"ఎవని మూరయితే ఏమి స్వామీ! చెయ్యి చెయ్యే కదా. కానీండి." గోవిందప్ప నవ్వు తప్ప ఆయన చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

హనుమంతు మోచేతి నుంచి నడిమివేలి కొనదాకా కొలిచి కర్ర నరికారు. జోయిసులు నేల మీద గీతలు గీసి, ఇంటికి మఖ నక్షత్రం వస్తే హనుమంతు పునర్వసుకు క్షేమమని చెప్పి, ఆ లెక్కకు సరిపోయేటట్టు పొడవు వెడల్పులు తేల్చాడు. మేస్త్రి ఏసుదాసు గూటాలు కొట్టి తాడు లాగాడు. చెన్నకేశవులు అంత దూరాన చింతచెట్టు కింద గొడుగేసుకుని కూర్చుని, తాను తాకలేదు గనక తనకేమీ అంటదని సంతోషించాడు.

అలివేలమ్మకు మడకశిర దగ్గర తన పుట్టినింటి ఊళ్లో ఒక ఇల్లు గుర్తొచ్చింది. బలమైన ఇల్లు. కొలత పొసగలేదని యజమాని ఒక్క పూటైనా ఉండలేదు. ఆ ఇంట్లో గబ్బిలాలు నిశ్చింతగా పిల్లల్ని పెట్టాయి, ఏ నక్షత్రమూ వాటిని ఏమీ అనలేదు. ఈ లెక్కల మీద ఆమెకు నమ్మకం లేదు. నమ్మేవాళ్ల భయం మీద మాత్రం గట్టి నమ్మకం ఉంది.

శనివారం పెనుకొండ దేవళానికని చెప్పి నేరుగా జోయిసుల ఇంటికి పోయింది.

"స్వామీ, మా బావది రోహిణి. ఆ ఇల్లు ఆయనకెట్ల ఉంటాది?"

జోయిసులు వేళ్లు మడిచాడు. మళ్లీ మడిచాడు. "రోహిణికి మఖ ఏడోది. నైధనతార. చావు." వేలు అట్లాగే మడిచి ఉండిపోయింది. "అయ్యో, ఆ పొద్దు నాకు తట్టలేదే! పోయి చెప్తా, పునాది మార్పిస్తా."

"చెప్పండి. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. మీ పంచాంగం పెన్నలో ఇసిరేస్తాడు. ఇంక ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా మిమ్మల్ని పిలుస్తారా?"

జోయిసులు పంచాంగాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.

"చెప్పకుండా ఉంటే ఆయన ఆ ఇంట్లో యజమానిగా పండుకుంటాడు. ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిది?"

ఈసారి పంచాంగాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"గృహప్రవేశం పొద్దు ఆయన తన నక్షత్రం చెప్తాడు కదా, అప్పుడు చెప్పండి. నలుగురి ముందర కొట్టలేడు" అంది. అంత చదువుకున్న మనిషి అంత తొందరగా తలూపితే ఆమెకు జాలి కూడా వేయలేదు. హనుమంతుకు తోడు ఇంకొకడు దొరికాడనుకుంది.

అప్పటినుంచి ఆమెకు ఒకటే పని. ఇల్లు పూర్తి కావాల, పూర్తయ్యేదాకా బావకు తెలియకూడదు. పైకప్పు పడకముందు తెలిస్తే గోడలు పీకించి తన మూర పెట్టిస్తాడు.

చెన్నకేశవులు మాత్రం ఇల్లు లేవకుండా ఉండడానికి చేయగలిగినదంతా చేశాడు. చెట్టు కింద గొడుగు దించకుండా తిట్లు మాత్రం దించేవాడు. సున్నం గానుగ ఎద్దు ఆగితే ఎద్దుకంటే ముందు మనిషిని తిట్టేవాడు. ధర్మవరం వడ్రంగి తలుపు మీద చిలకను చెక్కితే, "చిలక ముక్కు నన్ను చూసి ఎక్కిరిస్తాండాది" అని దాన్ని తీసేయించాడు. ఒకరోజు పెనుకొండ వాళ్లు మంచి బండ ఒకటి ఏట్లో దాచారన్నాడు. వాళ్లు సుత్తులు బుజానేసుకుని బండి ఎక్కేశారు.

అలివేలమ్మ సంగటి గంప నెత్తిన పెట్టుకుని బండికి అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండారు?"

"ఆయనకు మేం కట్టం తల్లీ. దొంగల చేతి ఇల్లు ఆయనకెందుకు?"

"ఆయనకు ఎవరు కట్టమన్నారు? ఇది నా ఇల్లు. నాకు కట్టండి. దిగి సంగటి తినండి, చల్లారిపోతాండాది."

పక్కనే చేతులు కడుక్కుంటున్న ఏసుదాసు తలెత్తాడు. "పెద్దాయనకు ఈ సంగతి తెలుసునామ్మా?"

"తెలిసే పొద్దు ఒకటి వస్తాది మేస్త్రీ. ఆ పొద్దు నువ్వు ఈడ ఉండల్ల."

"మా ఏసుప్రభువు చల్లగా చూస్తే ఉంటాలే తల్లీ. ఇట్లాంటి తమాషా చూసేదానికి దుడ్లిచ్చి పోతారు జనం" అని అతను నవ్వాడు. పెనుకొండ వాళ్లు దిగారు. ఆ మాట మూడు ఊళ్ల పనివాళ్లకూ పాకింది. ఒకరి గుట్టు ఒకరు చెప్పుకుంటారని తెచ్చిపెట్టిన జనం ఒకే గుట్టును నోట్లో పెట్టుకుని గోడలు లేపారు.

ద్వారబంధం నిలబెట్టిన రోజే అంతా చెడబోయింది. పసుపు పూసిన గడప ముందు, ఊరి పెద్దల మధ్య చెన్నకేశవులు రొమ్ము విరిచాడు. "ఈ వాకిట్లో మొదటి కుడికాలు ఈ చెన్నకేశవులుది! యజమాని అడుగంటే అట్ల పడల్ల!"

జోయిసులకు పాపభయం పొంగింది, నోరు తెరిచాడు. "అది కాదప్పా... మీ నక్షత్రానికి..."

అలివేలమ్మ హారతి పళ్లెం వెనక వంగి, దిద్దుకుంటున్నట్టు కొంగు ముఖానికి తెచ్చి, కర్పూరం మీద ఉఫ్ఫుమని ఊదింది.

"అయ్యో స్వామీ, హారతి ఆరిపోయినాది!"

జోయిసులు నక్షత్రం వదిలేసి అగ్గిపెట్టె కోసం ఎగబడ్డాడు. చెన్నకేశవులు అపశకునమని గుండె పట్టుకుని చెట్టు కిందికి పరిగెత్తాడు. ఆ సాయంత్రం దాకా ఆయన నోట ఇంకో మాట రాలేదు. ఆ ఇంటి పని మొత్తంలో పనివాళ్లు సుఖంగా పనిచేసింది ఆ ఒక్క పూటే.

దూలాలు ఎక్కాయి. బండలు పరిచారు. పైన మట్టి మెత్తి గచ్చు చేశారు. బుజ్జమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. ఇల్లు, వారసుడు ఒకేసారి వచ్చారని చెన్నకేశవులు నేల మీద నడవడం మానేశాడు. గోవిందప్పకు మనిషిని పంపి మరీ గృహప్రవేశానికి పిలిపించాడు.

గోవిందప్ప వచ్చి ఇల్లంతా బయటినుంచి చూశాడు. "పొడుగే బావా. మా స్తంభాలు కొంచెం లావు గానీ" అన్నాడు.

"లోపలికి వచ్చినాక మాట్లాడు బామ్మర్దీ!"

ముందు ఆవును తోలారు. వెనక పట్టుతలపాగాతో చెన్నకేశవులు, పిల్లవాణ్ణి ఎత్తుకుని బుజ్జమ్మ. గడప పక్కన కూర్చున్న జోయిసులు సన్నగా అడిగాడు. "యజమాని పేరు, నక్షత్రం?"

"చెన్నకేశవులు! రోహిణి!"

"రోహిణికి... ఈ ఇల్లు నైధనతారప్పా. ఇది హనుమంతు మూర. మీరు యజమానిగా కాలు పెడితే... చావు చెప్తాది శాస్త్రం."

లేచిన కుడికాలు గాలిలోనే ఆగింది. పెద్ద తలపాగా, ఒంటికాలు. ఊళ్లో ఎవరూ కొంగను అంత దగ్గరగా చూసి ఉండరు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తాండావయ్యా?"

"మీరు అడగలేదు కదప్పా."

గోవిందప్ప పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. బుజ్జమ్మ పిల్లవాణ్ణి రొమ్ముకు అదుముకుని నాలుగడుగులు వెనక్కి పోయింది. "నా బిడ్డను ఆ ఇంట్లోకి తీసుకురాను. నువ్వు పోతే పో!"

"మేస్త్రీ! ఆ గోడ పీకి నా మూరకు పెట్టు!"

"గోడ పీకితే దూలం దిగల్ల. దూలం దిగితే పైనుండే బండలన్నీ దిగల్ల" అన్నాడు ఏసుదాసు. "మళ్లీ లేపేదానికి ఎవురొస్తారు పెద్దాయనా? మేమంతా దొంగలం కదా."

వెనక మూడు ఊళ్ల పనివాళ్లూ ఒకేసారి నవ్వారు.

అలివేలమ్మ పాలకుండ చంకన పెట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. "రాండి బావా. మేమేమన్నా వద్దంటామా? కుడికాలు పెట్టండి."

ఆయన ఆ నల్లటి వాకిలిని చూశాడు. గాలిలోని కాలు మెల్లగా దిగింది, గడపకు ఇవతల. అంతవరకూ ఆమె అనుకున్నట్టే జరిగింది. కానీ అహంకారం పోయినవాడికి మిగిలేది కుళ్లు.

"రేయ్ హనుమంతూ! తాళం వెయ్యి. నాకు పనికిరాని కొంప ఎవరికీ వద్దు. కొట్టానికి నడువు!"

అందరి చూపూ హనుమంతు మీద పడింది. హనుమంతు రొంటిలోంచి తాళంచెవి తీశాడు. అలివేలమ్మ జోయిసుల భయం లెక్క వేసింది, బావ భయం లెక్క వేసింది. మొగుడి భయం మాత్రం లెక్కలోకి తీసుకోవడం మరిచింది. ఈ మనిషి చేత్తో కొలిచిన ఇల్లు ఈ మనిషి చేత్తోనే పోతుందా?

హనుమంతు అప్పుడే తల ఊపడం మొదలుపెట్టాడు.

అలివేలమ్మ పాలకుండ ఎడమచంకకు మార్చింది. కుడిచేత్తో మొగుడి వీపు మీద ఒక్క తోపు తోసింది. హనుమంతు గడప దాటి ఆవు పక్కన మోకాళ్ల మీద పడ్డాడు. తాళంచెవి ఎగిరి ఎక్కడో పడింది.

"యజమాని లోపలికి పోయినాడు స్వామీ" అంది. "చదవండి మంత్రం."

జోయిసులు చదివాడు. చదవమన్న గొంతును బట్టి చదివే మనిషి ఆయన. అలివేలమ్మ పొయ్యి వెలిగించింది, పాలు పొంగాయి. ఏ పొయ్యి మీద పాలు పొంగితే ఆ పొయ్యి మనిషిదే ఇల్లని పెద్దలు తలా ఒక మాట అన్నారు. చెన్నకేశవులు గొడుగు విప్పుకుని, పెళ్లాంబిడ్డలను వెంటబెట్టుకుని, శెనక్కాయ మూటలున్న పాతిల్లు దారి పట్టాడు. గోవిందప్ప మాత్రం పోలేదు. లోపలికి వచ్చి, స్తంభాలు తట్టి చూసి, పనివాళ్ల పంక్తిలో ఏసుదాసు పక్కన కూర్చుని రెండుసార్లు పాయసం పోయించుకున్నాడు.

హనుమంతు మోకాళ్ల దుమ్ము దులుపుకుని వంటింటి వాకిట్లో నిలబడ్డాడు. "అన్న ఆకలితో పోయినాడు అలివేలూ. ఏమనుకుంటాడో."

అలివేలమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. "ఆకు పరుచుకుని కూర్చో. నీ ఇంట్లో నువ్వన్నా తిను."