లాక్కున్న ఊపిరి

పడవ మీద ఆయన కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. "భయమేస్తే నా చెయ్యి పట్టుకో పిట్టా, మీ నాన్న ఉండగా నీకేంటి?" అని కూతురికి ధైర్యం చెప్పాడు. పదహారేళ్ల పిట్ట సరేనని తలూపింది. డైవింగ్ నేర్చుకుంటానని ఏడాదిగా ఇంట్లో పోరుతున్నది ఆ పిల్లే. నాన్న తోడుంటేనే అని వాళ్లమ్మ పట్టుబట్టడంతో ఈయనగారూ నాలుగు వారాలు ఈతకొలనులో మునిగి తేలాడు.

సముద్రంలో ఇరవై అడుగుల లోతున, కళ్లనూ ముక్కునూ కప్పిన ఆయన మాస్కులోకి కాసిన్ని నీళ్లు చేరాయి. ముక్కుతో ఊదితే పోయే నీళ్లే. ముందు ఆగు, నెమ్మదిగా ఊపిరి వదులు, ఆ తర్వాతే ఆలోచించు అని కోచ్ వందసార్లు చెప్పాడు. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. సిలిండర్ నిండా గాలి ఉన్నా ఊపిరి అందడం లేదనిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. తన నోట్లోని గాలిగొట్టం ఊసేసి, పక్కనున్న మనిషి నోట్లోది లాక్కున్నాడు.

ఆ పక్కనున్నది కన్న కూతురు.

పిట్ట తన ఛాతీ మీద వేలాడుతున్న పసుపుపచ్చ అదనపు గొట్టం అందుకుని నోట్లో పెట్టుకుంది. తండ్రి భుజం గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి మెల్లగా కిందికి దించుతూ, ఊపిరి వదలమని చూపించింది. ఆయన వదిలాడు. మళ్లీ చూపించింది, మళ్లీ వదిలాడు. ముందు వెళ్తున్న కోచ్ వెనక్కి తిరిగేసరికి అంతా సర్దుకుంది. ఎందుకైనా మంచిదని ఇద్దర్నీ పైకి తీసుకొచ్చాడు.

"అప్పుడే వచ్చేశారేం? ఏమైంది?" పడవలో కూర్చున్న భార్య కంగారుగా అడిగింది.

ఆయన నోరు విప్పేలోపే పిట్ట అందుకుంది. "నాకే భయమేసిందమ్మా. గొట్టం జారిపోయింది. నాన్నే పట్టుకున్నాడు."

"మీరుండబట్టి సరిపోయింది," అంటూ భార్య ఆయన వీపు నిమిరింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా మనసులో ఏ మూలో హాయిగా కూడా అనిపించింది, ఆ హాయికి మరీ సిగ్గేసింది.

"చాలిక. మళ్లీ నీళ్లవైపు చూశావంటే ఊరుకోను," అంది తల్లి. "కోర్సూ వద్దు, గీర్సూ వద్దు."

పిట్ట తల వంచుకుని కాళ్లకున్న ఈత రెక్కలు విప్పుకుంటోంది. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆయన లాక్కున్నప్పుడు చిట్లిన పెదవే అది.

"లాక్కున్నది నేనే," అన్నాడాయన, పడవలో అందరికీ వినబడేలా. "భయపడి చచ్చింది నేను. దాని నోట్లోది లాక్కున్నాను. అది దిగుతుంది, దాన్ని ఆపకు."

వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.