బండి కదిలాక

సంచి సర్దేటప్పుడు అక్క చేతులకు కళ్ళుంటాయి. బరువైన లెన్స్ అడుగున, దాని చుట్టూ మెత్తటి తువ్వాలు, పైన కెమెరా, అన్నిటికన్నా పైన వాన కవరు. వాన మొదలయ్యాక సంచి తిరగేసి కవరు వెతుక్కునేవాడు ఫోటోగ్రాఫర్ కాదు, తడిసిన కోడి అని ఆమె అభిప్రాయం. బ్యాటరీలను మాత్రం సంచిలో పెట్టలేదు. తమ్ముడి చొక్కా లోపలి జేబులో వేసి గుండీ పెట్టింది. పోయేది కొండల మీదికి. చలికి మనిషికన్నా ముందు బ్యాటరీ నీరసపడుతుంది.

"అక్కా, నన్ను పంపిస్తున్నావా, కొట్టంతా పంపిస్తున్నావా?" అన్నాడు తమ్ముడు, సంచి ఎత్తి చూసి.

"కాలికి బలపం కట్టుకున్నవాడివి, ఎక్కడ తేలతావో ఏమో. ఖాళీ మెమరీ కార్డులు కుడి జేబు, నిండినవి ఎడమ జేబు. సంచిలో మాత్రం వేయకు. సంచి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు."

"ఈ మాట నీకు నేర్పిందే నేను."

"నేర్పినవాడు మర్చిపోతాడు. నేర్చుకున్నదానికే భయం."

వీధి మలుపులో ఇద్దరిదీ ఒకే ఫోటో కొట్టు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కే. వాడు పెరిగి కెమెరా పట్టి ఆమెకు కూడా పని నేర్పాడు. ఊళ్ళోని పెళ్ళిళ్ళన్నీ ఇద్దరూ కలిసి తీశారు. తీస్తూనే వాడు కొండల దారులున్న పటాలను గోడకు అంటించుకునేవాడు, వీలైనప్పుడల్లా బస్సెక్కి ఊళ్ళు తిరిగొచ్చేవాడు. ఇన్నాళ్ళకు ప్రయాణాల పుస్తకాలు వేసేవాళ్ళు కొండల ఫోటోలు తీయమని వాణ్ణి పిలిచారు.

పెళ్ళిళ్ళలో వాళ్ళ పంపకం ఎప్పుడూ ఒకటే. పెళ్ళికూతురి గది, పూలు, భోజనాల బల్లలు, బంధువుల గుంపులు అక్కవి. పిల్ల బండెక్కి వెళ్ళిపోయే ఘట్టం తమ్ముడిది. గుమ్మం ముందుకు బండి రాగానే అక్క లోపలికి పోయి తీగలు చుట్టుకుంటూ కూర్చునేది. ఒకరు వెళ్ళిపోతుంటే చూడడం ఆమె వల్ల కాదు. ఒక్కసారి తమ్ముడు జ్వరంతో పడుకుంటే తానే తీయబోయింది. పిల్ల తల్లిని వాటేసుకోగానే కెమెరా దానంతటది కిందికి దిగిపోయింది. ఆ ఆల్బం భోజనాలతో అయిపోయింది. తల్లి చివరి అట్ట తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, "ఇంకేమన్నా ఉన్నాయామ్మా?" అని అడిగింది. ఆ మాట అక్క గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు పక్క దుకాణం రొట్టెలాయన కూతురి పెళ్ళి. తమ్ముడు ఉండడు. తల్లి లేని పిల్లను ఆయనొక్కడే పెంచుకున్నాడు. ముందురోజే వచ్చి చెప్పాడు.

"చెల్లెమ్మా, తక్కినవి ఎలా వచ్చినా సరే. మా అమ్మాయి బండెక్కేది మాత్రం కావాలి. ఆ టైంలో నాకు కళ్ళు కనబడవు. తర్వాత తీరిగ్గా చూసుకుంటాను."

"తీస్తాను అన్నయ్యగారూ."

"రొట్టె మాడితే ఇంకోటి కాలుస్తాను. ఇది మాడిందనుకో..."

"మాడనివ్వను లెండి. ముందు మీరు చొక్కా మీద పిండి దులుపుకోండి, రేపటికన్నా."

మాట ఇచ్చింది కానీ, నిలబెట్టుకోగలనన్న ధైర్యం లేదు. ఆ సాయంత్రం తమ్ముణ్ణి బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు ఆ మాటే అంది.

"నా కళ్ళు నిండిపోతే ఏం కనబడుతుందిరా?"

"కనబడక్కర్లేదు. ఫోకస్ సంగతి కెమెరా చూసుకుంటుంది. దానికి ఏడుపు రాదు. నువ్వు నిలబడు, చాలు. ఇంకోటి, బండి కదలగానే దించేయకు. అందరూ బండినే చూస్తారు. నువ్వు మిగిలిపోయినవాళ్ళను చూడు. కాస్త ఓపిక పట్టావంటే అసలు ఫోటో అప్పుడు దొరుకుతుంది. తీసిందల్లా వెంటనే తెర మీద చూసుకుంటూ కూర్చోకు. నువ్వు జరిగినదాన్ని చూసుకునేలోపు జరిగేది జరిగిపోతుంది."

"సరేలే. పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, వెళ్ళొస్తా," అని బస్సు కదలకముందే ఆమె వెనుదిరిగింది.

పొయ్యి మీద పాలేం లేవు. వాడు ప్రయాణమైనప్పుడల్లా అవే పాలు. వాడికీ తెలుసు.

పెళ్ళిరోజు పొద్దున్నే ఆమె కడుపునిండా తిని బయల్దేరింది. అతిథుల భోజనాలయ్యేదాకా ఫోటోగ్రాఫర్‌కి తిండి ఉండదు, ఆకలితో ఉన్న చెయ్యి వణుకుతుంది. చప్పుడు చేయని రబ్బరు చెప్పులు వేసుకుంది. గుంపుల ఫోటోలో ఎవరో ఒకరు రెప్ప వేస్తారని అందరినీ ముందు కళ్ళు మూసుకోమంది. "అయితే నిద్రపోతాం," అన్నాడొక ముసలి బంధువు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నొక్కింది. అన్నీ బాగానే సాగాయి, గుమ్మం ముందుకు బండి వచ్చేదాకా.

పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టింది. అక్క కెమెరాకు కన్ను ఆనించింది. అంతా మసక.

కన్ను ఆనించే చోట పక్కనే చిన్న చక్రం ఉంటుంది. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్ళు తిప్పుకోవాలి. తమ్ముడి చూపు వేరు, ఆమె చూపు వేరు. కెమెరా చేతులు మారినప్పుడల్లా ఆ చక్రం దగ్గర ఇద్దరికీ పేచీయే. పొద్దుటి నుంచీ బాగానే కనబడిన సంగతి మరిచి, వాడే తిప్పి వదిలేసి ఉంటాడని తిట్టుకుంటూ ఇటు తిప్పింది. మసక పోలేదు. అటు తిప్పింది. పోలేదు. అప్పుడు తెలిసింది, తప్పు చక్రానిది కాదని.

కాళ్ళు లోపలికి లాగుతున్నాయి. తీగలు చుట్టాల్సినవి చాలా ఉన్నాయి. కానీ "ఇంకేమన్నా ఉన్నాయామ్మా?" అన్న గొంతు వినబడింది. నిలబడింది. మసకలోనే నొక్కింది. పిల్ల ఎక్కింది, నొక్కింది. బండి కదిలింది, నొక్కింది. బండి మలుపు తిరిగింది. జనం లోపలికి పోయారు. ఆమె కెమెరా దించలేదు. గుమ్మం ముందు ఒక మనిషి ఆకారం ఇంకా అలాగే ఉంది. నొక్కింది.

ఆల్బం చేతికి రాగానే రొట్టెలాయన ఆ ఫోటో దగ్గరే ఆగాడు. అందులో వీధి ఖాళీ. ఆయన కుడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఎడమ చేతిలో కాగితం చుట్టిన చిన్న పొట్లం.

"అయ్యో, దారిలో తింటుందని కాల్చిన రొట్టె. ఇవ్వనేలేదు చెల్లెమ్మా."

నవ్వాడు. నవ్వుతూనే ముఖం తుడుచుకున్నాడు, బుగ్గ మీద పిండి మిగిలింది. ఆ ఫోటోని దుకాణంలో పొయ్యికి ఎదురుగా తగిలించాడు.

కొండల దారి నుంచి తమ్ముడు మధ్యలో ఒకసారి ఇంటికొచ్చాడు. ముఖం నల్లబడింది, గడ్డం పెరిగింది, నోరు మాత్రం మామూలుగానే ఉంది. రొట్టెలాయన దుకాణానికి వెళ్ళి, ఆ ఫోటోను దగ్గరికి వంగి చూశాడు.

"ఇంక నాకు పని లేదన్నమాట," అన్నాడు అక్కతో.

"నీకు పనెందుకు? తిరుగుళ్ళున్నాయిగా."

మళ్ళీ ప్రయాణమైన పొద్దున, అక్క సంచి సర్దుతుంటే కొట్టు కెమెరాతో ఆమెనే తీశాడు. ఆమె ముఖం దాచుకుంది. వాడు కెమెరా బల్ల మీద పెట్టాడు. దాన్ని మెడలో వేసుకుని ఆమె కూడా బస్టాండుకు వచ్చింది.

"పాలు?" అన్నాడు మెట్టెక్కుతూ.

"ఇవాళ పాలు లేవు."

వాడు ఆమెకేసి చూసి, తలూపి లోపలికి పోయాడు. బస్సు బయల్దేరింది. ఆమె కెమెరా ఎత్తింది. చక్రం వాడి చూపుకే ఉంది, అంతా మసకగానే ఉంది. ఈసారి చక్రాన్ని తిప్పలేదు. నిలబడి నొక్కుతూనే ఉంది, బస్సు మలుపు దాటేదాకా.

కొట్టుకొచ్చి పెద్ద తెర మీద చూసింది. ఫోటో స్పష్టంగా వచ్చింది. వెనక కిటికీలోంచి తమ్ముడు నడుందాకా బయటికి వంగి, పూర్తిగా వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు. ఆ వంగడంలో తడబాటు లేదు. మోచెయ్యి ఎక్కడ ఆనాలో వాడికి ముందే తెలుసు. ఇన్నేళ్ళూ మలుపుదాకా ప్రతిసారీ అలాగే చూసి ఉంటాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. పాలు చూసుకోవాలని ఆమె వచ్చేస్తుంటే, వాడు ఖాళీ బస్టాండుకే చెయ్యి ఊపేవాడు.

తమ్ముడు తిరిగి రాలేదు. ఆ చలికాలం చివర, కొండల మీద మంచు కరగడం మొదలైన వారంలో, దారి మీద కొండచరియ విరిగిపడి బస్సుతోపాటే పోయాడు.