కుంగని బండి

చింతాద్రిపేటలో పికప్ బండి కొనాలనుకున్న ప్రతివాడూ షోరూముకు పోయే ముందు నా కొట్టుకు వచ్చేవాడు. ఈ మాట నేను గొప్పకు చెప్పుకున్న రోజులు ఉన్నాయి. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. నా పేరు యతిరాజులు నాయుడు. ముప్పై రెండేళ్ళుగా కమాను పట్టీల పని చేస్తున్నాను. బండి వెనక చక్రాల దగ్గర వంపు తిరిగిన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి కట్టకట్టి ఉంటాయి చూడండి, పైన వేసిన బరువంతా మోసేవి, అవే. విరిగితే మారుస్తాను. చాలకపోతే ఇంకో రెండు చేరుస్తాను. ఏ బండి ఎంత మోస్తుందో కంపెనీవాడికి కాగితం మీద తెలుసు, నాకు చేతుల్లో తెలుసు అనేవాణ్ణి. అప్పట్లో కళ్ళు నెత్తికెక్కి ఉండేవి.

వచ్చినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, మూడు బండ్ల జాతకం విప్పేవాణ్ణి. సేవక్ చిన్నది, ఏ సందులోనైనా తిరుగుతుంది, ఆడవాళ్ళు కూడా సులువుగా తోలతారు. కానీ టన్ను దాటితే వెనక్కి కుంగిపోతుంది, ముందు చక్రాలు నేలను అంటీ అంటకుండా పోతాయి. గరుడ పెద్దది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ అమ్ముడుపోయేది అదే. ఎందుకంటే దాని సామాను ఎక్కడైనా దొరుకుతుంది, ఏ మెకానిక్కైనా కళ్ళు మూసుకుని విప్పుతాడు, ఐదేళ్ళు తోలి అమ్మినా కొనేవాడు ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యం, పక్కింటివాడు కొన్నాడు కనక వీడూ కొంటాడు. కానీ వారానికి మూడు గరుడలు విరిగిన పట్టీలతో కుంటుకుంటూ నా కొట్టు ముందుకు వస్తాయి.

మూడోది వజ్ర. వచ్చి మూడేళ్ళే అయింది. కొత్తలో అదనపు పట్టీలు వేయించుకోవడానికి ఒక్కసారి వస్తుంది, అంతే. పట్టీ విరిగిందని తిరిగి వచ్చిన వజ్ర ఒక్కటి కూడా లేదు. ఇంకేం కావాలి? మూడేళ్ళుగా అడిగినవాడికల్లా వజ్ర కొను అని చెప్పాను. నా మాట విని కొన్నవాళ్ళు కొన్నారు. వాళ్ళను చూసి ఇంకొందరు కొన్నారు. పోయిన ఏడాదికల్లా మా వైపు వీధుల్లో గరుడలు తగ్గి వజ్రలు కనిపించసాగాయి. షోరూము మేనేజరు దీపావళికి నాకు స్వీటు డబ్బా పంపించాడు.

మా అల్లుడు మోహన్‌రాజ్ నీళ్ళ క్యాన్ల వ్యాపారం పెట్టుకున్నప్పుడు వాడికి గరుడ మీద మనసు. అందరూ అదే కొంటున్నారు మామా అన్నాడు. అందరూ కొంటున్నారని కొనడానికి నువ్వు గొర్రెవా అని తిట్టి వజ్ర కొనిపించాను. మా వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బండి గుడికి పోయే ముందు పట్టీల కొట్టుకు వస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలగకముందే అటు రెండు, ఇటు రెండు పట్టీలు అదనంగా పడాలి. కంపెనీవాడు టన్నున్నర అంటాడు, ఆ లెక్కన తోలితే ఎవడి ఇల్లూ గడవదు. అల్లుడి బండికి నేనే దగ్గరుండి, మంచి ఇనుము ఏరి, నా చేత్తో వేశాను. మామగారి కానుక అని నవ్వుకున్నాం.

ఒక్కో క్యాను ఇరవై కిలోలు. డెబ్బై ఐదు క్యాన్లు వేస్తే కాగితం మీది లెక్క సరిపోతుంది. మోహన్‌రాజ్ నూట ఇరవైతో మొదలుపెట్టాడు. బండి కుంగలేదు. నూట యాభై వేశాడు, అప్పుడూ కుంగలేదు. షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్లలో నీళ్ళకు ఎంత గిరాకీ ఉందంటే ఎన్ని మోస్తే అన్నీ అమ్ముడుపోతాయి. అక్కడే ఒక అపార్ట్‌మెంటులో చిన్నపిల్లల్ని చూసుకునే చోట మా అమ్మాయి లక్ష్మీప్రియకు ఉద్యోగం. రోజూ పొద్దున రెండో ట్రిప్పులో మొగుడి పక్కన కూర్చుని పోతుంది. పోయిన ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు, నూట డెబ్బై వేసినా బండి నిటారుగానే నిలబడుతోందని అల్లుడు చెప్పాడు. నాలుగు రోజులుగా వెనక ఏదో గొణుగుడు వినిపిస్తోందని కూడా చెప్పాడు. కొత్త పట్టీలు సర్దుకుంటున్నాయిలే అని నేను ఇంకో గరిటె పులుసు పోసుకున్నాను.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆరోగ్యసామి వచ్చాడు. రోడ్డు మీద పడిపోయిన బండ్లను క్రేనుతో లాక్కెళ్ళడం అతని పని. ఇరవై ఏళ్ళ స్నేహం. అతని క్రేను పట్టీ ఒకటి బీటలిస్తే విప్పి తెచ్చాడు. అది చూస్తూ నేను యథాప్రకారం వజ్ర పురాణం ఎత్తుకున్నాను. మా అల్లుడు నూట డెబ్బై క్యాన్లు వేస్తున్నాడని, మూడేళ్ళలో ఒక్క వజ్ర కూడా తిరిగి నా గడప తొక్కలేదని చెప్పాను. మామూలుగా నా కబుర్లకు నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

“నీ కాడికి రావు నాయుడూ,” అన్నాడు. “నా కాడికి వస్తా ఉండాయి.”

ఏమిటని అడిగితే బండెక్కమన్నాడు. అతని స్కూటరు వెనక కూర్చుని పావుగంట పోయాం. కూవం ఏటి పక్కన అతను అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలం ఉంది. కేసులు తేలేదాకా దెబ్బతిన్న బండ్లను అక్కడే ఉంచుతారు. నేనెప్పుడూ అక్కడికి పోలేదు. పోవలసిన పని పడలేదు. గోడ వెంట వరసగా వజ్రలు నిలబెట్టి ఉన్నాయి. మొత్తం ఏడు. కొన్నిటికి ముందు అద్దం లేదు. ఒకదానికి పైకప్పు నలిగి సీటు దాకా దిగిపోయింది. ఏడింటికీ వెనక ఒక పక్క చక్రం లేదు. చక్రం ఉండాల్సిన చోట రాళ్ళు పెట్టారు.

నేను మొదటిదాని కిందికి వంగి చూశాను. అలవాటు కొద్దీ చెయ్యి పట్టీల మీదికి పోయింది. ఒక్క పట్టీ విరగలేదు, బీట కూడా లేదు. రెండోదీ అంతే. మూడోదాని అదనపు పట్టీల మీద నా కొట్టు గుర్తు కనపడింది. నేను వేసిన ప్రతి పట్టీ మీదా మా నాన్న కాలంనాటి సుత్తితో ఒక గుర్తు కొడతాను. ఆ బండి పెరుమాళ్‌ది. టైల్స్ తోలేవాడు. ఎనిమిది నెలల కిందట పట్టీలు వేయించుకుని, ఏదైనా ఇబ్బంది వస్తే మళ్ళీ వస్తానన్నాడు. రాలేదు. పెరుమాళ్ రాలేదు చూడండి, బండంటే అదీ అని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఆరోగ్యసామి నా పక్కనే వంగి, మెల్లగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“గరుడకు పట్టీ ఇరిగితే నడిరోడ్డులో కుంగి నిలబడిపోతాది. తిట్టుకుంటా నీ కాడికి వస్తారు. మనిషికేమీ కాదు. ఇది కుంగదు. ఎంతేసినా నిక్కి నిలబడి ఉంటాది. చూసినోడు ఏమనుకుంటాడు? ఇంకో పది ఎయ్యొచ్చు అనుకుంటాడు. ఆ బరువు యాడికి పోవాల? చక్రాన్ని పట్టుకోని ఉండే హబ్బు మీదికి పోతాది. అది ఒక రోజు చెప్పా పెట్టకుండా తెగిపోతాది. అంతకుముందు ఒక వారం గొణగతాది, అంతేప్పా. మొన్న ఏడోది వచ్చినాకనే నాకూ అర్థమయింది.”

టైము తొమ్మిదింబావు అయింది. మోహన్‌రాజ్ రెండో ట్రిప్పులో ఉండే వేళ. ఫోను తీసి వాడికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. తోలేటప్పుడు ఎత్తకూడదని వాడికి చెప్పింది కూడా నేనే. అమ్మాయికి చేశాను. నాలుగోసారి మోగుతుండగా ఎత్తింది. వెనక ఆఫీసు క్యాబుల హారన్లు, ఇంజను చప్పుడు. మేడవాక్కం దారిలో ఉన్నామని, షోళింగనల్లూరు సిగ్నలు ఇంకో రెండు కిలోమీటర్లని చెప్పింది. ఫోను అల్లుడికి వినపడేలా పెట్టమన్నాను. బండి వెంటనే పక్కకు తీసి ఆపమన్నాను.

వాడు నవ్వాడు. ఏమైందని అడిగితే హబ్బు సంగతి చెప్పాను. ఎవరు చెప్పారన్నాడు. ఆరోగ్యసామి పేరు చెప్పడం నాదే తప్పు. క్రేనువాడికి బండ్లు పడితేనే కదా మామా పని, వాడి మాట వింటావా అన్నాడు. పట్టీలు సర్దుకుంటున్నాయని నువ్వే కదా చెప్పావన్నాడు. పదిమంది మాట పట్టుకుని పోయేవాడు గొర్రె అని నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పాడు. అపార్ట్‌మెంటుకు పోయి క్యాన్లు దించేసి చూస్తానన్నాడు. వాడి గొంతులో నా మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంజను చప్పుడు వెనక నుంచి ఆ గొణుగుడు ఫోనులో నాకే వినపడుతోంది. ముప్పై రెండేళ్ళలో ఇనుము అట్లా మాట్లాడడం నేను వినలేదు.

అప్పుడు నా నోటి నుంచి ఎప్పుడూ రాని మాట వచ్చింది.

“నాకు తెలీదు మోహనా. ఆ బండి గురించి నాకేమీ తెలీదు. నా కాడికి తిరిగి రాలేదు గాబట్టి మంచిదనుకుంటిని, అంతే. వచ్చేదానికి వాళ్ళెవరూ లేరు. నా బిడ్డ ఆడ కూర్చోని ఉంది, ఆపు నాయనా.”

హారన్లు, గొణుగుడు, మళ్ళీ హారన్లు. తర్వాత ఇంజను ఆగింది. ఆపేశారు నాన్నా అంది అమ్మాయి. ఎక్కడ ఆపారో అడిగి తెలుసుకున్నాను. ఆరోగ్యసామి ఆ స్థలంలోనే ఉన్న తన ఇంకో క్రేను తీశాడు.

క్రేనులోనే అక్కడికి పోయాం. రోడ్డు పక్కన మోహన్‌రాజ్ నూట అరవై ఎనిమిది క్యాన్లూ దించి పేర్చాడు. జాకీ పెట్టి చక్రం విప్పాను. హబ్బు మీద సుత్తితో చిన్నగా తడితే రెండు ముక్కలై నా చేతిలోకి వచ్చింది. లోపలి పగులు అప్పటికే తుప్పు పట్టి నల్లబడి ఉంది, మొన్నటిదో నిన్నటిదో కాదు. ఒక పక్క వేలెడు మేర మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఆ వేలెడు ఇనుము మీదే వాళ్ళిద్దరూ ఇంత దూరం వచ్చారు. స్కూలు బస్సు ఒకటి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. అల్లుడు ఆ ముక్కల్ని చూసి, నన్ను చూసి, పక్కకు తిరిగాడు. లక్ష్మీప్రియ క్యాన్ల మధ్య కాలిబాట మీద కూర్చుని ఉంది.

“ఇంకా ఎంతమందికి చెప్పినావు నాన్నా?” అని అడిగింది.

వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేశాను. కొన్నవాళ్ళ పేర్లు కొన్ని తెలుసు, వాళ్ళను చూసి కొన్నవాళ్ళు ఎవరో నాకెట్లా తెలుస్తుంది.

మధ్యాహ్నం కొట్టుకు తిరిగి వచ్చేసరికి ముందు కొత్త వజ్ర నిలబడి ఉంది. ముందంతా బంతిపూల దండ, సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా తీయలేదు. వ్యాసర్‌పాడి నుంచి వచ్చిన జెబకుమార్ అట, సిమెంటు బస్తాలు తోలతాడట. అతన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు వెనక తొట్టిలో కూర్చుని ఉన్నారు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేసే ముందు పట్టీలు వేయించుకుందామని వచ్చారు. నా అల్లుడి బండి నూట డెబ్బై క్యాన్లు మోసినా కుంగడం లేదని ఎవరో చెబితే గరుడకు కట్టిన అడ్వాన్సు వాపసు తీసుకుని ఇది కొన్నాడట.

హబ్బు ముక్కలు రెండూ అతని చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. కూవం పక్కన ఏడు బండ్లున్నాయని, వచ్చి చూడమన్నాను. టన్నున్నరకు మించి వేయకపోతే పరవాలేదని, పట్టీలు మాత్రం వద్దని చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పాత మోడల్‌ది అయి ఉంటుందన్నాడు. కొనే ముందు మిమ్మల్ని వచ్చి అడగలేదని కోపమా అన్నా అని నవ్వాడు. కాదని నేను అరిచేసరికి పిల్లలు బెదిరిపోయి తల్లిని పట్టుకున్నారు. అతను మొహం చిన్నబుచ్చుకుని బండి తీశాడు.

నాలుగు కొట్ల అవతల మోసెస్ పట్టీల కొట్టు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. బండి అక్కడ ఆగడం చూసి పరుగెత్తాను. వద్దురా, వెయ్యొద్దురా అంటూనే పోయాను. మోసెస్ కొలిమి దగ్గర పనివాడి సుత్తి మోగుతోంది, నా మాట ఎవరికీ వినపడలేదు. రెండు చాలన్నట్టు జెబకుమార్ వేళ్ళు చూపించాడు. నాయుడన్న మెచ్చిన బండికి మూడు వేసినా ఏమీ కాదని ఆ చప్పుడును మించి అరుస్తూ మోసెస్ మూడో పట్టీ ఎత్తి పెట్టాడు.