పిడుగు లిగాయా చెయ్యి అందుకోలేదు

మా లుస్విమిండాకి పిడుగు లిగాయా కథ రాసే ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు వీధంతా సంబరపడింది. నేను మాత్రం అమ్మకానికి వేయిస్తున్న అరటిపళ్లన్నీ మాడబెట్టుకున్నాను.

లిగాయా అంటే మాటలా? నాకు పెళ్లి కాకముందు నుంచీ చదువుతున్న బొమ్మల కథ. ఆకాశంలో ఎగురుతుంది, లారీలెత్తి అవతల పారేస్తుంది. ఇన్నేళ్లూ రాసిన పెద్దాయనకి చూపు తగ్గి మానేస్తే, అది నా కూతురి చేతిలో పడింది. ఏ కాస్త తేడా వచ్చినా పిల్ల ఉద్యోగం ఊడుతుంది, మనీలా అంతా మా గుమ్మం ముందుకొచ్చి తిడుతుంది. నాకు ఆ రోజే తెలుసు.

మిండా రాసిన మొదటి సంచిక రాగానే బజారు అవతల ఉన్న ఆలింగ్ పేత్రా కొట్టుకి పరిగెత్తాను. రాసేది నా కూతురని అక్కడ ఎవరికీ తెలీదు. ఆవిడ పుస్తకాల్ని బట్టలారేసినట్టు తాడుకి వేలాడదీసి అద్దెకిస్తుంది. జనం అక్కడే బల్ల మీద కూర్చుని చదివి తిరిగిచ్చేస్తారు. ఆ రోజు ఒక్కరూ కూర్చోలేదు. నిలబడి అరుస్తున్నారు.

"దీనికి పెంపకమనేదే లేదా?" ఆలింగ్ పేత్రా పుస్తకం ఊపుతోంది. "విలనైతే మాత్రం, దోన్ హుస్తినో అంతటి ముసలాయన ఎదురుగా ఉంటే, చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకోకుండా దవడ పగలగొట్టేసింది!"

పెద్దవాళ్లు కనిపిస్తే అలా చెయ్యి నుదుటికి తాకించుకోవడం మా దగ్గర మర్యాద. ఎంత దుర్మార్గుడైనా సరే, పెద్దవాడైతే లిగాయా మొదట చెయ్యి అందుకుంటుంది. వాడూ అలవాటుకొద్దీ "దేవుడు చల్లగా చూడాలి తల్లీ" అంటాడు. ఆ తర్వాతే తన్నులాట. ఒకసారి తన చేతులు రెండూ కట్టేసి ఉంటే, వంగి నుదురే తీసుకెళ్లి వాడి చేతికి ఆనించింది.

"ఎవరో కొత్త పిల్ల రాస్తోందంట," అన్నాడు జీప్నీ బండి నడిపే తోటో. "వాళ్లమ్మ ఏం నేర్పిందో, ఖర్మ!"

నేను సబ్బుల డబ్బాల వెనక నక్కాను.

సాయంత్రం మిండా మూతి ముడుచుకుని ఇంట్లోకొచ్చింది. విసురుగా నా చెయ్యి లాక్కుని, నుదుటికి ఠక్కున కొట్టుకుని, సంచీ మూలకి విసిరేసింది.

"వచ్చే సంచికలో సరిదిద్దకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాట్ట, ఆ ఎడిటర్! అయినా కొట్లాట మధ్యలో ఈ మర్యాదలేంటమ్మా, నానాయ్? కథ వేగం పోదూ?"

"ఇప్పుడు నువ్వేం చేశావే? కోపంతో ఉడికిపోతూ కూడా నా చెయ్యి అందుకున్నావు. నీ వేగం ఏమన్నా తగ్గిందా?"

మిండా తన చేతి వంక చూసుకుంది. "అది... అలవాటు."

"మరి లిగాయాకి ఉండదా?"

 మిండా గోళ్లు కొరుకుతూ, "అచ్చయిపోయిందిగా! తలకి దెబ్బ తగిలి మతి పోయిందని రాయనా?" అంది.

"అమ్మో! ఎగరడం మర్చిపోయి సముద్రంలో పడితే?"

"పోనీ, కొట్టింది లిగాయా కాదు, దాని కవల చెల్లెలంటే?"

"లిగాయా వాళ్లమ్మ చాలా మంచిది. ఒక కూతురికి మర్యాద నేర్పలేదని ఆవిడ మీద నిందలెయ్యకు."

అంతలో అరటిపళ్ల కోసం పక్కింటి మాంగ్ ఇస్కో వచ్చాడు. మిండా లేచి ఆయన చెయ్యి అందుకోబోయింది. ఆయన వేడి మూకుడు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"ఏయ్, నేనేమన్నా ముసలాణ్ణా? నీకు అన్నలాంటివాణ్ణి!"

ఉక్కకి ఆయన జుట్టు రంగు కరిగి చెవి పక్కనుంచి నల్లగా కారుతోంది. మిండా ఆ నల్లటి చారనే గుడ్లప్పగించి చూసింది.

"నానాయ్! తెల్లజుట్టుకి నలుపు వేసేవాళ్లున్నప్పుడు, నల్లజుట్టుకి తెలుపు వేసేవాళ్లుండరా?"

"ఎవర్నే అంటున్నావు?" అని ఇస్కో అలిగి వెళ్లిపోయాడు. పళ్లు మాత్రం తీసుకునే వెళ్లాడు.

తర్వాతి సంచికలో లిగాయా, దోన్ హుస్తినో తెల్లజుట్టు పట్టుకుని లాగితే ఊడి చేతిలోకొచ్చింది. కింద నల్లటి జుట్టు, కుర్రమొహం! "నీ చేతి మీద ఒక్క ముడత లేదు. నాకంటే చిన్నవాడివని అప్పుడే కనిపెట్టాను. ముందు నువ్వు నా చెయ్యి అందుకో!" అంది లిగాయా. వాడు ఏడుస్తూ అందుకున్నాడు.

కొట్టు దగ్గర బల్లంతా నిండిపోయింది. నేను మళ్లీ సబ్బుల వెనకే, ఈసారి పక్కన మిండా కూడా.

"నాకు ముందే తెలుసు!" అని అరిచింది ఆలింగ్ పేత్రా. "పోయినసారి బొమ్మ చూడండి, ఆ చెయ్యి ఎంత నున్నగా ఉందో!"

మిండా నన్ను గిల్లింది. బొమ్మలేసే ఆయనకి ముడతలు గియ్యడమంటే మహా బద్ధకం. ఆయన ముసలాళ్లందరి చేతులూ నున్నగానే ఉంటాయి.

"ఆ పిల్లని వాళ్లమ్మ బాగా పెంచింది," అన్నాడు తోటో. నేను జుట్టు సర్దుకుని బయటికొచ్చాను.

ఇంటికి నడుస్తుంటే నాకు కొత్త భయం పట్టుకుంది.

"మిండా, అసలు దోన్ హుస్తినో ఎక్కడున్నాడే?"

"అసలేంటి?"

"వీడు ఆయన వేషం వేశాడంటే, ఆయన్ని ఎక్కడో కట్టి పడేసే ఉంటాడుగా? ముసలాయన. పైగా దగ్గు. ఈ వానల్లో అన్నమన్నా పెట్టారో లేదో!"

మిండా ఆగిపోయింది.  "ఆయన సంగతే మర్చిపోయాను, నానాయ్." వెంటనే ఇంటివైపు, కాగితాల దగ్గరికి పరుగు తీసింది.

"పడతావే, నెమ్మది!" అని వెనకాలే అరిచాను. "ముందు కట్లు విప్పించి, వేడిగా గంజి తాగించమను! తర్వాత చెయ్యి అందుకోమను! ఆ తర్వాత ఎంతయినా కొట్టుకోమను!"