రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కార్లలో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది నేర్పేవాడి కాలి కింద. రెండోదాన్ని ఆపద వస్తే తొక్కమని పెట్టారు. మన కథలోని ఆమె మొగుడు అలా నేర్పేవాడే, ఆయనకు రోడ్డంతా ఆపదే. ఆకు కదిలినా తొక్కుతాడు, నీడ కదిలినా తొక్కుతాడు. అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. అదేదో బిరుదనుకుని మురిసిపోతాడు కూడా, మహానుభావుడు.

బతుకునూ అలాగే నడిపాడు. స్కూలు పెట్టిన పెద్దాయన, నాకు ఓపిక తగ్గింది, వాటా ఇస్తాను, నువ్వు చూసుకో అన్నాడొకప్పుడు. వానలు తగ్గాక చూద్దామన్నాడు మాస్టారు. ఎండలు తగ్గాక చూద్దామన్నాడు. ఆయన చూస్తుండగానే, ఆయన దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్న కుర్రాడొకడు స్కూలు తీసేసుకున్నాడు. ఇప్పుడు ఆ కుర్రాడు రాగానే లేచి నిలబడతాడు. ఇంటికొచ్చి, మనకు ఏ రిస్కూ లేదు, హాయిగా ఉన్నాం అని పెళ్లానికి చెబుతాడు. ఆమె నమ్మింది. నమ్మినందుకు ఆమెనూ అనాల్సిందే.

ఆమె బడి వ్యానులో ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం ఆమె పని. డ్రైవరు వెనక కూర్చుని, ఆ స్టీరింగు తన చేతిలో ఉంటే ఎంత బాగుణ్ణు అని ఏళ్ల తరబడి ఆశపడింది. మొగుడి దగ్గరే నేర్చుకుంది. లైసెన్సు కూడా వచ్చింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు ఖాళీ మైదానంలో ఒక చుట్టు తిప్పించి చాలన్నాడు. ఆ తర్వాతా సాయంత్రాలు మొగుణ్ణి పక్కన పెట్టుకుని స్కూలు కారు నడిపేది. ఎప్పుడూ దేనికీ తగల్లేదు. తనకు బాగా వచ్చేసిందనుకుంది.

వ్యాను డ్రైవరు పని మానేస్తున్నాడని తెలిసి, ఆ సీటు నాకివ్వండని వ్యాను యజమానురాల్ని ఆమే అడిగింది. యజమానురాలు ముక్కుసూటి మనిషి. రేపు పొద్దున పిల్లల్ని దింపాక ఖాళీ వ్యాను నడిపి చూపించు, బాగుంటే సీటు నీదే, లేదంటే మధ్యాహ్నం ఇంకొకతను వస్తున్నాడు అంది.

మర్నాడు వద్దంటున్నా మొగుడు వెంట వచ్చాడు. ధైర్యం చెప్పడానికట. యజమానురాల్ని వెనక సీట్లోకి పంపి, తను ముందెక్కి కాళ్లు చాపుకున్నాడు.

బండి బాగానే కదిలింది. సందు దాటింది, మలుపు తిరిగింది. మాస్టారి కాలు మాత్రం నేలను తొక్కుతూనే ఉంది. ఇందులో రెండో బ్రేకు లేదన్న సంగతి ఆయన బుర్రకెక్కిందేమో గానీ కాలికెక్కలేదు. పెద్దరోడ్డు మీద, ముందు వెళ్తున్న పాల లారీ ఉన్నట్టుండి ఆగింది. ఆయన దబదబా నేలను తన్నాడు. ఆమె, ఏం చెప్పమంటారు, బండి దానంతటదే ఆగుతుందని చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ అలాగే ఆగేది మరి. ఇది ఆగలేదు. లారీ మీది అక్షరాలు పెద్దవవుతున్నాయి. అప్పుడు ఒంట్లోని బలమంతా పెట్టి తొక్కింది. జానెడు దూరంలో ఆగింది బండి. మాస్టారి నుదురు అద్దానికి కొట్టుకుని బొప్పి కట్టింది.

"ఇన్నాళ్లూ బండి నడిపిందెవరమ్మా?" అంది వెనక నుంచి యజమానురాలు.

సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

మొగుడు నుదురు రుద్దుకుంటూ, ముందే చెప్పాను కదా, ఇంకో ఆర్నెల్లు నా పక్కన నేర్చుకో, ఇవాళ్టికి ఇంటికి పోదాం పద అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది, ప్రేమా ఉంది. వాటిని మించిన ఊరట ఉంది. తను ఓడిపోతే ఈ మనిషికి నిశ్చింత. అది అర్థమయ్యాక ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీరు దిగండి" అంది.

"నేను దిగితే నువ్వెలా..."

"దిగండి. మీరు పక్కనుంటే నాకు కాలూ చెయ్యీ ఆడదు."

గొణుక్కుంటూ దిగాడు. ఆమె బండిని ముందుకు పోనిచ్చింది. నాలుగు రోడ్ల కూడలిలో ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. ఒకడు తల బయటపెట్టి, వంటింట్లోకి పో అని అరిచాడు. ఆమెకు ఏడుపొచ్చింది, అయినా మళ్లీ స్టార్టు చేసింది. కుక్క అడ్డొస్తే ముందే చూసి తొక్కింది. బస్సు ఆగితే ఇంకా ముందే తొక్కింది. యజమానురాలు పొగడలేదు. రేపు వేళకు రా, గేరు మార్చేటప్పుడు కిందికి చూడకు అంది. పొగిడినా అంత సంతోషం కలిగేది కాదు.

తిరిగొచ్చేసరికి మొగుడు దిగిన చోటే నిలబడి ఉన్నాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఆయన, ఇక వ్యాను తీయడానికి నువ్వు తెల్లారకుండానే వెళ్లిపోతే పొద్దున నా వంటెవరు చేస్తారని అడిగాడు. మీరే చేసుకోండి అంది.

"స్టవ్వు వెలిగించాలంటే నాకు భయమని నీకు తెలుసుగా" అన్నాడాయన. "నువ్వు పక్కనున్నప్పుడే వెలిగించడం రాలేదు, ఇప్పుడెలా వస్తుంది?"

"వస్తుంది" అంది ఆమె. "ఇప్పుడు పక్కన నేనుండనుగా."