ఖాళీ కడుపుతో పడుకున్న పంపు

ఆ మొక్కల నర్సరీలో అల్లుడికి రెండేళ్ళుగా ఒకటే పని, కుండీలకు పేర్ల చీటీలు రాయడం. డిగ్రీ చదివాడు, దస్తూరీ గుండ్రంగా ఉంటుంది, అందుకని మామగారు ఆ పని అప్పగించారు. పంపు ఛాయలకు మాత్రం రానిచ్చేవారు కాదు. "మీకెందుకండీ ఆ మసి" అనేవారు. మర్యాదగానే అనేవారు. అల్లుడికి కాలేది అక్కడే.

వానలు పట్టుకుని, పెట్రోలుతో నడిచే ఆ నీళ్ళ పంపుకు నాలుగు నెలలు సెలవులు వచ్చిన రోజున అతను గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, ఈసారి దీన్ని సర్దిపెట్టే పని నాకొదిలెయ్యండి. మళ్ళీ తీసిన రోజు తాడు మూడుసార్లు లాగేలోపు స్టార్టయితే షెడ్డు తాళం నాకివ్వాలి."

"అవ్వకపోతే?"

"జన్మంతా చీటీలు రాస్తాను."

మామగారు నవ్వు మీసాల్లో దాచుకుని సరేనన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ పంపు మొదటి రోజు మూడు లాగుల్లో లేచిన దాఖలా లేదు. ముప్పై సార్లు తాడు లాగడం, దాని వంశాన్నంతా తిట్టడం, ఆపైన మెకానిక్కుకు అప్పగించడం, ఇదీ ఏటా జరిగే తంతు.

అల్లుడు పంపుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. ఇంజను చల్లారేదాకా అరగంట ఊరికే చూశాడు. ట్యాంకులోని పెట్రోలు డబ్బాలోకి వంపాడు. మిగిలిన చుక్కలు కూడా కాలిపోయి దానంతటదే ఆగేదాకా నడిపాడు. మళ్ళీ చల్లారనిచ్చాడు. పెట్రోలు ట్యాపు కట్టేశాడు. నల్లబడ్డ ఇంజనాయిలు మార్చాడు, ఫిల్టరు దులిపాడు, స్పార్క్ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించాడు. పంపు పొట్టలో నిలిచిన నీళ్ళు కూడా వదిలేశాడు.

"మా అమ్మాయి పురిటికి కూడా ఇంత సేవ జరగలేదు" అన్నారు మామగారు గుమ్మంలోంచి. అంతలో ఖాళీ ట్యాంకు కంటబడి ఆయన మొహం మాడిపోయింది. "అదేంటండీ? దాన్ని ఖాళీ కడుపుతో పడుకోబెడతారా? నేనెప్పుడూ నిండా పోసే పెట్టేవాణ్ణి. ఈ ఇంట్లో పనిచేసినవాళ్ళెవరూ పస్తు పడుకోలేదు."

"నిలవున్న పెట్రోలు చెడిపోతుంది మామయ్యా. జిగురై లోపల అడ్డం పడుతుంది. పొయ్యి దగ్గరుంటే ప్రమాదం కూడా."

"మరి ఆ డబ్బాలోది?"

"మీ స్కూటరుకి."

"దాని నోటి దగ్గర కూడు లాగి నా స్కూటరుకా!" అని ఆయన నొచ్చుకుంటూ వెళ్ళిపోయారు. స్కూటరు మాత్రం ఆ పెట్రోలు మీదే వారం తిరిగింది.

వానలు వెనకబట్టాయి. అనుకున్న రోజు తెల్లవారగానే అల్లుడు షెడ్డుకు వెళ్ళి, తాళం తీసి ఉన్న తలుపులోంచి చూస్తే పంపు ఉండాల్సిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి, పంపు లేదు. ఇంటి వెనక స్నానాల గది వైపు నుంచి పెట్రోలు వాసన గుప్పుమంది. పరిగెత్తాడు.

అత్తగారు నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల తీస్తున్నారు. పొయ్యికి రెండడుగుల దూరంలో, మందపాటి దుప్పటి కప్పుకుని, పంపు.

"అత్తయ్యా, ఆగండి!" అని అగ్గిపెట్టె లాగేసుకున్నాడు.

"అయ్యో, ఏమైంది బాబూ! స్నానానికి నీళ్ళొద్దా?"

"స్నానం తర్వాత. ముందు బయటికి రండి, తలుపులన్నీ తెరిచెయ్యండి!"

దుప్పటి తీస్తే ట్యాంకు అంచుదాకా పెట్రోలుంది. మూత వదులుగా ఉండి పక్కనుంచి చెమ్మ జారుతోంది. వెనక మామగారు నిలబడి ఎటో చూస్తున్నారు.

"మీరేనా?"

"నెల కిందటే ట్యాంకు నింపా... నిన్న రాత్రి షెడ్డులో చెమ్మగా ఉందని ఇక్కడికి తెచ్చా. అంత చలిలో, పైగా ఆకలితో ఉంటే చూడలేకపోయానండీ."

"ఇల్లు తగలబడేది మామయ్యా!"

ఆయన పొయ్యిని చూశారు, భార్యను చూశారు, దుప్పటిని చూశారు. దుప్పటి మడిచి పక్కన పెట్టారు.

ఇద్దరూ కలిసి పంపును ఆరుబయటికి మోశారు. అప్పటికే మెకానిక్కు సంచీతో వచ్చి అరుగు మీద కూర్చుని టీ కోసం చూస్తున్నాడు. ఏటా ఈ రోజున పిలవకుండానే వస్తాడు. అల్లుడు వంపుతున్న పెట్రోలు వాసన చూసి ముక్కు చిట్లించాడు.

"పులిసింది. ఇరవై ఏళ్ళుగా నేను గీకేది ఈ జిగురేగా!"

మామగారు ఉలిక్కిపడ్డారు. "ఒక్కసారైనా చెప్పలేదేమయ్యా?"

"ఏటా నిండా పోసి పెడుతుంటే మీ ఇంటి పద్ధతేమో అనుకున్నాను. ఒకరి పద్ధతిని తప్పు పడతామా?"

పెట్రోలు ట్యాపు కట్టేసే ఉంది. పెద్దాయనకు పోయడం తెలిసింది గాని తిప్పడం తట్టలేదు. లోపలికి చుక్క దిగలేదు. అల్లుడి ప్రాణం లేచి వచ్చింది. కొత్త పెట్రోలు పోశాడు, ట్యాపు తిప్పాడు, ఆయిలు చూశాడు, పంపు పొట్ట నిండా నీళ్ళు నింపాడు.

"ఇన్నాళ్ళూ తిండి వద్దన్నారు, ఇప్పుడు నీళ్ళు తాగిస్తున్నారు" అని మామగారు గొణిగారు.

ఒక లాగు. ఉలుకు లేదు, పలుకు లేదు. మామగారి చెయ్యి మొలలోని తాళంచెవి మీద బిగిసింది. రెండో లాగుకు దగ్గింది. అల్లుడు కళ్ళు మూసుకుని మూడోది లాగాడు. పంపు గట్టిగా తుమ్మి, తలెత్తి, పైపు నిండా నీళ్ళు కక్కింది. ఆ ధార సరాసరి మెకానిక్కుకు అప్పుడే అందిన టీలో పడింది.

మామగారు మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీసి అల్లుడి చేతిలో పెట్టారు. "చీటీలు రాయడానికి ఇంకెవర్నైనా వెతకాలి" అన్నారు, ఎటో చూస్తూ.

మళ్ళీ వానలకు పంపు షెడ్డు చేరింది. పొయ్యికి దూరంగా, చెక్క పలక మీద, ఖాళీ కడుపుతో. దాని మెడకు గుండ్రటి అక్షరాల చీటీ ఒకటి వేలాడింది: "ఉపవాసం. ఎవరూ ఏమీ పెట్టరాదు."

మామగారు దాన్ని రెండుసార్లు చదివి, సంకలోని దుప్పటి తీసి బతిమాలుతున్నట్టు అడిగారు. "ఇదైనా కప్పొచ్చా?"

అల్లుడు పుస్తకం తిరగేశాడు. "కప్పొచ్చు మామయ్యా. ఒక్క అరగంట ఆగండి, చల్లారాలి."

ఇద్దరూ పలక పక్కనే కూర్చున్నారు.